కోడ్ రాయడం రాని మేము సర్వీసు కాల్స్, ఫిల్టర్ గడువుల పనిని ఆటోమేట్ చేసుకోగలమా?

ప్రశ్న: హనుమకొండ_ఆర్వో

అందరికీ నమస్కారం. హనుమకొండలో మేము ఇళ్లకు, చిన్న హోటళ్లకు వాటర్ ప్యూరిఫయర్లు అమ్మి, వాటి సర్వీసు కూడా చూసుకుంటాము. షాపులో నేను, లెక్కలు రాసే మా మరదలు ఉంటాము; నలుగురు మెకానిక్‌లు బయట తిరుగుతారు. కస్టమర్లు దాదాపు 1,200 మంది. అందరికీ ఆరు నెలలకొకసారి ఫిల్టర్లు మార్చాలి. అవి కాక రోజుకు పది వరకు ఫిర్యాదు కాల్స్ వస్తాయి.

ఇప్పుడు జరిగేది ఇది: ఫోన్ రాగానే మరదలు నోటుబుక్కులో రాసి, ఆ పేజీని ఫోటో తీసి మెకానిక్‌ల వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. ఎవరు వెళ్లారో, ఎవరు మరచిపోయారో సాయంత్రం వరకు తెలియదు. అంతకంటే పెద్ద నష్టం ఫిల్టర్ గడువులది. మేము గుర్తుచేయకపోతే కస్టమర్ వీధి చివర ఉన్న మరొకరిని పిలుచుకుంటాడు. జాపియర్, మేక్, జోహో ఫ్లో, పవర్ ఆటోమేట్ వంటి వాటితో కోడ్ రాయకుండానే ఈ పనులు జరిపించవచ్చని వీడియోలలో చూశాను. నాకు ఎక్సెల్‌లో కూడికలు తప్ప మరేమీ రాదు. వీటిలో ఏది ఎంచుకోవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: బెజవాడ_లెక్కలు

ఏది ఎంచుకోవాలన్నది చివరి ప్రశ్న అండీ. మీరు చెప్పిన సాధనాలన్నిటి పనితీరూ మూలంలో ఒక్కటే. ఒకచోట ఏదో జరుగుతుంది (దీనిని ట్రిగ్గర్ అంటారు), దాని వెంట మరొకచోట ఒక పని జరుగుతుంది (ఇది యాక్షన్). ఫారం నింపితే మెకానిక్‌కు సందేశం వెళ్లడం దీనికి ఉదాహరణ. ఆ సాధనం మీరిచ్చిన వివరాన్ని మోసుకెళుతుందే తప్ప, వివరం తప్పుగా ఉంటే సరిదిద్దదు. నోటుబుక్కులో "రెడ్డి గారు, రెండో వీధి" అని రాసి ఉంటే మీ మెకానిక్‌కు అర్థమవుతుంది, సాధనానికి కాదు.

కాబట్టి ముందుగా గూగుల్ షీట్ ఒకటి తయారుచేసి, కస్టమర్‌కు ఒక వరుస కాకుండా మెషీన్‌కు ఒక వరుస కేటాయించండి. హోటల్‌లో మూడు మెషీన్లు ఉంటే వాటి ఫిల్టర్లు మూడు వేర్వేరు తేదీలలో మారి ఉండవచ్చు. ప్రతి మెషీన్‌కూ మీ సొంత నంబరు ఇచ్చి, అదే నంబరును స్టిక్కరుగా అతికించండి. మెకానిక్ పేరు టైపు చేయకుండా డ్రాప్‌డౌన్ నుంచి ఎంచుకునే ఏర్పాటు ఉండాలి. లేకపోతే ఒకే మనిషి మూడు స్పెల్లింగులలో ముగ్గురవుతాడు.

తేదీల విషయంలో నేను స్వయంగా దెబ్బతిన్నాను. షీట్ సెట్టింగులలో లొకేల్ (ఏ దేశపు పద్ధతి అన్నది) అమెరికాగా ఉంటే 03/04 అని రాసిన ఏప్రిల్ 3వ తేదీని అది మార్చి 4గా తీసుకుంటుంది. 12 దాటిన రోజులనైతే తేదీగానే గుర్తించక, మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. మొదటి రోజే దానిని ఇండియాగా మార్చుకోండి.

సమాధానం: రాత్రిషిఫ్ట్_కూకట్‌పల్లి

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఖర్చు లెక్క ఒకటి చేర్చుతాను. జాపియర్‌లో ట్రిగ్గర్‌కు లెక్క ఉండదు కానీ, విజయవంతంగా పూర్తయిన ప్రతి యాక్షన్ ఒక టాస్క్ కింద లెక్కకు వస్తుంది. ఉచిత ఖాతాలో అవి నెలకు 100. మీకు రోజుకు పది ఫిర్యాదులు, నెలకు 26 పనిదినాలు అనుకుంటే 260 ఫిర్యాదులు. ఒక్కొక్కదానికి మెకానిక్‌కు ఒకటి, కస్టమర్‌కు ఒకటి చొప్పున సందేశాలు పంపితే 520. కస్టమర్‌కు ఒక్క మెషీన్ చొప్పున చూసినా ఫిల్టర్ గడువులు ఏడాదికి 2,400, అంటే నెలకు మరో 200. ఉచిత పరిమితి నాలుగైదు రోజులలోనే అయిపోతుంది.

పవర్ ఆటోమేట్ అయితే మైక్రోసాఫ్ట్ ఖాతా ఉన్న కార్యాలయాలకు సహజంగా ఇమిడిపోతుంది. అయితే అందులో ఎక్సెల్ వరుసలను చదివించినప్పుడు, పేజినేషన్ అనే సెట్టింగు ఆన్ చేయకపోతే మొదటి 256 వరుసలే వస్తాయి. మీ 1,200 మందిలో మిగిలినవారి సంగతి అది అడగదు, ఎర్రగా ఏ హెచ్చరికా చూపించదు.

వాట్సాప్ మీద ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దని నా మనవి. ఫోన్‌లోని వాట్సాప్ బిజినెస్ యాప్ వేరు, ఇలాంటి సాధనాలతో అధికారికంగా కలిపే బిజినెస్ ప్లాట్‌ఫాం వేరు. రెండవదానిలో కస్టమర్ చివరిగా మీకు రాసి 24 గంటలు దాటితే, ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ (నమూనా) సందేశమే పంపగలరు. దానికి రుసుము కూడా ఉంటుంది. దొడ్డిదారిన వాట్సాప్ వెబ్‌ను నడిపించే చవక సాఫ్ట్‌వేర్లు వాడితే, ఏళ్ల తరబడి అందరి ఫోన్లలో ఉన్న మీ షాపు నంబరే నిషేధానికి గురయ్యే ప్రమాదం ఉంది. ఎస్‌ఎంఎస్ అయితే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో పేరు, టెంప్లేట్ నమోదు చేయించుకోవాలి. పైగా తెలుగులో రాస్తే ఒక్క ఎస్‌ఎంఎస్‌లో 70 అక్షరాలే పడతాయి. మెకానిక్‌లకు మాత్రం టెలిగ్రామ్ గ్రూపు, అందులో ఒక బాట్ (తనంతట తానే సందేశాలు పంపే ఖాతా) చాలు. బాట్ సందేశాలకు రుసుము లేదు.

సమాధానం: పెద్దాపురం_ఏజెన్సీ

నేను రెండేళ్లుగా ఇలాంటి ఏర్పాటు వాడుతున్నాను కనుక, ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మా దగ్గర ఆర్డరు ఫారం నింపగానే గోడౌన్‌కు జీమెయిల్ వెళ్లేది. దానిని అమర్చిన కుర్రవాడు తన సొంత ఖాతాతో అమర్చాడు. ఉద్యోగం మానేసిన తర్వాత అతను పాస్‌వర్డ్ మార్చుకున్నాడు, దానితో అనుమతి రద్దయింది, మెయిళ్లు ఆగిపోయాయి. ఆగిపోయాయని హెచ్చరించే మెయిల్ కూడా అతని పెట్టెకే వెళ్లింది. ఒక పాత కస్టమర్ ఫోన్ చేసి కేకలు వేసేవరకు, పదకొండు రోజులు, "ఈ మధ్య ఆర్డర్లు తగ్గాయి" అనుకుంటూ కూర్చున్నాము.

అప్పటినుంచి అన్ని అనుసంధానాలూ షాపు పేరిట ఉన్న ఖాతాతోనే చేస్తున్నాము. ప్రతి ఉదయం తొమ్మిదికి "నిన్న వచ్చినవి ఇన్ని" అని ఒక సందేశం నాకు వస్తుంది. సున్నా అయినా సరే రావాలి. రాకపోతే ఏదో తెగిందని అర్థం.

మరొక మాట. షీట్‌లో కొత్త వరుస ఎప్పుడూ చివరనే చేరాలి. మా వాళ్లొకరు అందంగా ఉంటుందని పేర్లను అక్షర క్రమంలో సార్ట్ చేశారు. పాత ఆర్డర్లు కొన్ని కొత్తవనుకొని మళ్లీ గోడౌన్‌కు వెళ్లాయి. చూసుకోవడానికి షీట్‌లోని ఫిల్టర్ వ్యూ (చూసేవారికి మాత్రమే క్రమం మార్చి చూపేది) వాడాలి, అసలు వరుసలను కదపకూడదు.

హనుమకొండ_ఆర్వో

అందరికీ కృతజ్ఞతలు. చదివిన తర్వాత కొంత భయం వేసిన మాట నిజం. నెలకు 700 సందేశాల ఖర్చు ఇప్పుడే మోయలేను. ఒక్క ఫిల్టర్ గడువుల పని మాత్రమే ముందుగా తీసుకుంటే తేలికైన మార్గం ఏదైనా ఉందా?

రాత్రిషిఫ్ట్_కూకట్‌పల్లి

ఉంది. దానికి ఏ సాధనమూ కొననక్కరలేదు. చివరగా ఫిల్టర్ మార్చిన తేదీ పక్క గడిలో ఈడేట్ (EDATE) అనే ఫార్ములా రాస్తే, ఆరు నెలల తర్వాతి తేదీ అదే వస్తుంది. మరొక షీట్‌కు "ఈ వారం" అని పేరు పెట్టి, ఈ రోజు తేదీని ఇచ్చే టుడే (TODAY) ఫార్ములాతో కలిపి, షరతుకు సరిపోయే వరుసలనే చూపే ఫిల్టర్ (FILTER) ఫార్ములా రాస్తే, రానున్న ఏడు రోజులలో గడువు ఉన్నవారి పేర్లు, నంబర్లు మాత్రమే అందులో కనబడతాయి. గడువు దాటినవారిని వదలకుండా ఉండాలంటే "ఏడు రోజులలోపు లేదా అంతకు ముందే" అన్న షరతు పెట్టాలి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మీ మరదలు గారు ఉదయం అది తెరిచి ఫోన్లు చేసుకోవచ్చు, రోజుకు పది కంటే ఎక్కువ ఉండవు. తెలిసిన గొంతు ఫోన్‌లో పలకరిస్తే వచ్చే జవాబు టెంప్లేట్ సందేశానికి రాదని నా అభిప్రాయం. షీట్ తెరవడం మరచిపోతున్నారనిపిస్తే, అప్పుడు ఆ జాబితానే రోజుకొకసారి మెయిల్‌గా పంపే ఒక్క ఏర్పాటు చేద్దాం. నెలకు 200 సందేశాలు కాస్తా 30 అవుతాయి, ఉచిత ఖాతాలోనే సరిపోతుంది.

హనుమకొండ_ఆర్వో

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నోటుబుక్కుల నుంచి 860 మెషీన్ల వివరాలు ఎక్కించాము. మిగిలినవి రాత్రుళ్లు మరదలు ఎక్కిస్తోంది. "ఈ వారం" షీట్ తెరవగానే మొదటి రోజు 214 పేర్లు వచ్చాయి, అందులో ఎక్కువ భాగం గడువు ఎప్పుడో దాటినవే. కొందరు అప్పటికే వేరేవారి దగ్గర మార్పించుకున్నారు. మెకానిక్‌ల టెలిగ్రామ్ గ్రూపు నిన్న మొదలైంది. ఒకాయన దగ్గర బటన్ల ఫోన్ ఉన్నందున ఆయనకు మాత్రం ఇంకా కాల్ చేసే చెబుతున్నాము.