వర్ణన రాయమంటే తరగతి మొత్తం ఒకే పేరా రాస్తోంది: ఇంగ్లిష్‌లో వర్ణనను ఎలా నేర్పాలి?

ప్రశ్న: ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా

అందరికీ నమస్కారం. నేను నల్లగొండకు దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లిష్ బోధిస్తున్నాను. 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం వచ్చిన తరువాత మా పిల్లలకు ఇంగ్లిష్ వినడం, చదవడం కొంత అలవాటైంది. రాయడం దగ్గర, అందులోనూ ఒక చోటునో మనిషినో వర్ణించి రాయడం దగ్గర, బండి కదలడం లేదు.

‘మై విలేజ్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్. దేర్ ఆర్ మెనీ ట్రీస్. ద పీపుల్ ఆర్ వెరీ గుడ్. ఐ లవ్ మై విలేజ్.’ నోట్‌బుక్కులు తెరిస్తే అన్నింటిలోనూ ఇదే పేరా కనబడుతుంది. గైడులో ఉన్నది, అన్నలు అక్కలు రాసినది, పోయిన ఏడు తామే రాసినది కలిసి ఇలా తయారైంది. ఇందులో ఊరి పేరు కూడా లేదు కనుక ఏ మండలంలోని ఏ ఊరికైనా ఇది సరిపోతుంది. అదే పిల్లవాడిని మీ ఊరి సంగతి చెప్పమని తెలుగులో అడిగితే, బొడ్రాయి పక్కన వేపచెట్టు కింద పొద్దున్నే ఎవరెవరు కూర్చుంటారో, బత్తాయి తోటలో కాయ తెంపే రోజున లారీ ఎంతదూరం వచ్చి ఆగుతుందో, నీళ్ల ట్యాంకుకు వేసిన రంగు ఏ వైపున వెలిసిపోయిందో వరుసగా చెబుతాడు.

ఆ చూపును ఇంగ్లిష్ పేజీ మీదికి ఎలా తీసుకురావాలన్నదే నా ప్రశ్న. ముందు తెలుగులో మాట్లాడనిస్తే వాక్యాలను మాటకు మాట అనువదిస్తారని కొందరు హెచ్చరిస్తున్నారు. విశేషణాలు, వ్యాకరణం ముందే నేర్పాలా, రాసిన తరువాత నేర్పాలా అన్నది కూడా నాకు తేలడం లేదు. అనుభవమున్నవారు కొంచెం వివరంగా రాయగలరని కోరుతున్నాను.

మొదటి జవాబు: విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

మేడమ్, మీరు ఉదాహరించిన పేరాలో వ్యాకరణ దోషం ఒక్కటి కూడా లేదు. చిక్కంతా అక్కడే ఉందని నేను అనుకుంటాను. ఏమీ చెప్పకుండా ఉంటే తప్పు పడదని పిల్లలు కనిపెట్టారు, ఎర్ర సిరా పడని వాక్యాలను మాత్రమే దాచుకున్నారు. కాబట్టి ముందు మార్చవలసింది మనం ఇచ్చే పనిని.

‘నా ఊరు’ అన్న అంశం పెద్దవారికి కూడా మోయలేనంత పెద్దది. ఊరిలో ఒక మూలను, ఒక చోట నిలబడి, ఒక వేళలో చూసి రాయమనండి. ‘బస్సు ఆగే చోట, సాయంత్రం బడి వదిలిన తరువాత, కిరాణా దుకాణం మెట్ల మీద కూర్చుంటే నీకు ఏమి కనిపిస్తుంది?’ అని అడిగితే గైడు అక్కరకు రాదు, ఎందుకంటే ఆ మెట్ల మీద గైడు రాసినవారు ఎన్నడూ కూర్చోలేదు. నిలబడే చోటు స్థిరపడగానే ‘ఆన్ ద లెఫ్ట్’, ‘బిహైండ్ ద షాప్’, ‘నియర్ ద గేట్’ వంటి పదబంధాలు అవసరమై వస్తాయి. అవసరం కొద్దీ నేర్చుకున్న మాట పిల్లలకు చాలాకాలం గుర్తుంటుంది.

మా పట్టణం దగ్గరి పిల్లలమర్రిని ఉదాహరణగా తీసుకుంటాను. ఏడు వందల ఏళ్ల నాటిదని అందరూ చెప్పుకునే చెట్టు, మూడెకరాల మేర పరుచుకుంది. చెదలు పట్టినప్పుడు, 2018లో, సెలైన్ సీసాలు కట్టి దానికి మందు ఎక్కించారు. పిల్లలను రాయమంటే వయసు, విస్తీర్ణం రాసి ఊరుకుంటారు. అవి సమాచారం, చెట్టును చూడనివారు కూడా రాయగలరు. అక్కడ నిలబడినవారు మాత్రమే రాయగలిగేది వేరే ఉంది: మొదటి మాను ఏదో తెలియకపోవడం, ఊడలే దిగి మానులై కొమ్మలను మోయడం, ఎండ నుంచి లోపలికి అడుగుపెట్టగానే ఒంటికి తగిలే చల్లదనం. నేను పిల్లలను ఎప్పుడూ ‘బ్యూటిఫుల్ అని రాయకు’ అని కోప్పడలేదు. ‘నీకు అందంగా ఉందనిపించినప్పుడు నీ కన్ను దేని మీద ఉంది?’ అని అడిగి, ఆ వస్తువును తరువాతి వాక్యంలో రాయించాను.

ఇక్కడే మరొక తేడా కూడా చెప్పాలి. మర్రిచెట్లన్నింటి గురించి రాసే వ్యాసం వేరు, ఈ ఒక్క చెట్టు వర్ణన వేరు. మొదటిది ‘బనియన్ ట్రీస్ హ్యావ్ ఏరియల్ రూట్స్’ అని బహువచనంలో, జాతి మొత్తానికి చెందిన మాటగా నడుస్తుంది. రెండవది ‘దిస్ ట్రీ హ్యాజ్...’ అంటూ కళ్ల ముందున్న ఒక్కదానిని పట్టుకుంటుంది. పిల్లలు ఒకే పేరాలో ఈ రెండింటి మధ్య అటూ ఇటూ దూకుతుంటారు. రెండు నమూనాలను పక్కపక్కన బోర్డు మీద రాసి చదివిస్తే ఆ గందరగోళం చాలావరకు తొలగిపోతుంది.

రాసినదానికి చదివేవారు కూడా ఉండాలి. నేను చేయించిన పని ఇది. ఒక విద్యార్థి తన వర్ణనను చదువుతాడు, పక్కనున్నవాడు విని బొమ్మ గీస్తాడు. బావి గుడికి ముందుందో వెనకుందో పేరాలో లేకపోతే గీసేవాడి పెన్సిలు ఆగిపోతుంది, ‘ఎక్కడ పెట్టాలి?’ అని వాడే అడుగుతాడు. ఉపాధ్యాయుడు చెప్పవలసిన దిద్దుబాటు స్నేహితుడి ప్రశ్నగా వస్తుంది కనుక రాసినవాడు నొచ్చుకోకుండా మళ్లీ రాస్తాడు.

రెండవ జవాబు: ఇంగ్లిష్ ఉపాధ్యాయిని, దేవరకొండ

సార్ చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, భాష వైపు నుంచి కొన్ని విషయాలు చేర్చాలనుకుంటున్నాను. చూపు ఎంత నిశితంగా ఉన్నా, వాక్యం నిలబడకపోతే బిడ్డ మళ్లీ గైడు దగ్గరికే వెళ్తుంది.

తెలుగులో ‘ఇది మా బడి’ అంటే వాక్యం పూర్తయినట్టే, క్రియ అక్కరలేదు. అందుకే ‘దిస్ అవర్ స్కూల్’ అని రాస్తారు. ‘మా బడికి పది గదులు ఉన్నాయి’ అన్న భావం ‘అవర్ స్కూల్ ఈజ్ హ్యావింగ్ టెన్ రూమ్స్’గా మారుతుంది. ‘ఎ’, ‘ద’ అనేవాటికి మన భాషలో సాటి వచ్చేవి లేవు కనుక మొదటిసారి ‘దేర్ ఈజ్ ఎ వెల్’ అని చెప్పి, రెండోసారి అదే బావిని ‘ద వెల్’ అనాలన్న సంగతి పిల్లలకు తట్టదు. వర్ణన అనేది ఎక్కువగా ‘ఈజ్’, ‘హ్యాజ్’, ‘దేర్ ఈజ్’ల మీదనే నడిచే రచన కాబట్టి ఈ తప్పులన్నీ ఇక్కడే గుంపుగా కనిపిస్తాయి. ఇవి బిడ్డ అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. రెండు భాషల కట్టుబడి వేరు కావడం వల్ల వచ్చినవని తరగతిలో తెలుగులోనే వివరంగా చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది.

ముందా, తరువాతా అన్న మీ సందేహానికి నా జవాబు ఇది. ‘దేర్ ఈజ్’, ‘దేర్ ఆర్’, దిక్కును, చోటును తెలిపే పదబంధాలు ముందే నేర్పండి, అవి లేకుండా పేరా మొదలే కాదు. మిగిలినవి మొదటి ప్రతి వచ్చిన తరువాత, వారి వాక్యాలనే బోర్డు మీద పెట్టి నేర్పండి. విశేషణాల వరుస అలాంటిదే. అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, ప్రాంతం, పదార్థం అని సూత్రం బట్టీ పట్టించడం కన్నా, ‘ఎ స్టోన్ బ్లాక్ బిగ్ పిల్లర్’ అని ఎవరైనా రాసినప్పుడు దానిని ‘ఎ బిగ్ బ్లాక్ స్టోన్ పిల్లర్’గా వారి చేతనే మార్పించడం మేలు. ఒక నామవాచకానికి రెండు మూడు విశేషణాలకు మించి అవసరం కూడా రాదు.

విశేషణాల కన్నా క్రియల మీద ఎక్కువ సమయం పెట్టమని నేను గట్టిగా చెబుతాను. ‘దేర్ ఈజ్ ఎ రోడ్’ అన్న చోట ‘ఎ నారో రోడ్ రన్స్ బిసైడ్ ద ట్యాంక్’ అని, ‘దేర్ ఈజ్ ఎ ట్రీ’ అన్న చోట ‘యాన్ ఓల్డ్ నీమ్ ట్రీ లీన్స్ ఓవర్ ద వాల్’ అని రాసిన రోజున బిడ్డ ముఖం చూడండి. ‘స్టాండ్’, ‘రన్’, ‘హ్యాంగ్’, ‘లీన్’, ‘కవర్’, ‘ఫేస్’ వంటి కొద్ది క్రియలు చేతికి అందితే ఊరంతటినీ వర్ణించవచ్చు.

తెలుగులో మాట్లాడించడం గురించి నాకు ఏ భయమూ లేదు. మాట్లాడనివ్వండి, వాక్యాలుగా మాత్రం రాయనివ్వకండి. విన్న వివరాలను బోర్డు మీద విడి మాటలుగా, ఇంగ్లిష్‌లో, మీరే రాస్తూ పోండి. అనువదించడానికి ఎదురుగా తెలుగు వాక్యం లేనప్పుడు మాటకు మాట అనువాదం దానంతట అదే తగ్గుతుంది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రెండు విషయాలు మిగిలాయి. తరగతిలో కొందరు ఒక్క వాక్యం కూడా సొంతంగా కట్టలేరు, వారిని ఎక్కడ మొదలుపెట్టించాలి? మనిషిని వర్ణించమన్నప్పుడు ‘షి ఈజ్ ఫ్యాట్’, ‘హి ఈజ్ బ్లాక్’ వంటి వాక్యాలు వచ్చి పక్కవారు నవ్వడం, ఆ బిడ్డ తల దించుకోవడం జరుగుతోంది. దీనిని ఎలా నివారించాలో చెప్పండి.

మూడవ జవాబు: గురుకుల పాఠశాల ఉపాధ్యాయుడు, గద్వాల

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను మేడమ్, అది నాకు చాలా ముఖ్యమైనది. తరగతిలో ఉన్న మనిషిని తరగతి ముందు వర్ణించే పని ఇవ్వకండి. ఇంట్లో ఉన్న ఒక పెద్దమనిషిని, పనిచేస్తుండగా చూసి రాయమనండి. మా దగ్గర చాలామంది తల్లిదండ్రులు పనుల కోసం వలస వెళ్తారు, పిల్లలు సెలవులకు వెళ్లేది అవ్వ, తాతల దగ్గరికే. ‘అవ్వ చేతులు ఏ పని చేస్తుంటాయి, అప్పుడు ఆమె ఎలా కూర్చుంటుంది, పని చేస్తూ ఏమంటుంది?’ అని అడిగితే లావు, నలుపు అన్న మాటలకు తావు ఉండదు. గద్వాల కాబట్టి మగ్గం ఉన్న ఇళ్ల పిల్లలూ ఉన్నారు. మగ్గం ముందు కూర్చున్న తండ్రిని వర్ణించేటప్పుడు వారికి అలవాటుగా చేసే పనికి ‘హి సిట్స్’, ఈ క్షణంలో జరుగుతున్న పనికి ‘హి ఈజ్ పుల్లింగ్’ అన్న తేడా సహజంగా బోధపడుతుంది. తల్లిదండ్రుల గురించి రాయడానికి ఇష్టపడని బిడ్డ ఉంటే బలవంతం చేయకూడదు. వారికి వస్తువును ఇవ్వండి, గొళ్లెం గల పాత ట్రంకుపెట్టె కూడా మంచి అంశమే.

వాక్యం కట్టలేనివారికి కలిసి రాయడమే మార్గం. ఆస్ట్రేలియాలో రచనా బోధన కోసం రూపొందిన ఒక పద్ధతి ప్రకారం ముందు విషయాన్ని గురించి మాట్లాడతారు, నమూనాను చదివి అది ఎలా కట్టారో విప్పి చూస్తారు, తరువాత తరగతి అంతా కలిసి ఉపాధ్యాయుడి చేత బోర్డు మీద ఒక రచన రాయిస్తారు, ఆ పైన ఎవరికి వారు రాస్తారు. మనం సాధారణంగా నమూనా నుంచి నేరుగా చివరి మెట్టుకు దూకుతాం, మధ్యనున్న ఉమ్మడి రచనను వదిలేస్తాం. వెనకబడిన పిల్లలు రాలిపోయేది అక్కడే. బోర్డు దగ్గర నేను ‘ఈ మాట ముందు పెడదామా, తరువాత పెడదామా?’ అని పైకి అడుగుతూ, కొట్టివేస్తూ రాస్తాను. రచన అంటే కొట్టివేతలు కూడా ఉంటాయని వారు కళ్లారా చూడాలి.

ఆ తరువాత కూడా ఖాళీ పేజీ ముందు ఆగిపోయేవారికి ‘బిహైండ్ ద ____, దేర్ ఈజ్ ఎ ____ విత్ ____’ వంటి చట్రం ఇవ్వండి. ‘విత్’ ఒక్కటి వచ్చినా ‘ఎ హౌస్ విత్ ఎ బ్లూ డోర్’ అని రెండు చిన్న వాక్యాలను ఒకటి చేయగలుగుతారు. వారం వారం చట్రంలో ఒక్కొక్క మాట తీసివేస్తూ పోండి. దిద్దుబాటు విషయంలో నేను ఒక విడతకు ఒకే రకమైన తప్పును, దానికి ముందే తరగతిలో చెప్పి, దిద్దుతాను. పేజీ అంతా ఎర్రబడితే ఏ బిడ్డా రెండో ప్రతి రాయడు, రెండో ప్రతి రాయకపోతే మొదటి దిద్దుబాటుకు ప్రయోజనం లేదు.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు

మా పిల్లలను పానగల్లు తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నాను. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భాలయాలు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో స్తంభం నీడ పగలంతా ఒకే చోట నిలిచి ఉండడాన్ని చూడడానికే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అయితే పిల్లలు వర్ణన వదిలేసి, ఆ నీడ ఎందుకు పడుతుందో వివరించడానికి పోతారేమోనని సందేహంగా ఉంది.

మొదటి జవాబు రాసిన ఉపాధ్యాయుడు

పోనివ్వండి మేడమ్, కాని వేరే పేజీ మీద. కారణం వివరించే రచనకు ‘బికాజ్’, ‘సో’ వంటి మాటలు కావాలి, దాని నడక వేరు. వర్ణన పేజీలో మాత్రం నీడ గోడ మీద ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అంచులు స్పష్టంగా ఉన్నాయా, మసకగా ఉన్నాయా, ఎవరైనా స్తంభాల మధ్య నడిచినప్పుడు అది మారుతుందా అన్నవే ఉండాలి. వీలైతే పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టును ఉదయం, మరొక జట్టును మధ్యాహ్నం లోపలికి పంపి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే రాయించండి. తిరిగి వచ్చాక రెండు వర్ణనలను పక్కపక్కన పెట్టి చదివిస్తే, ఏ వివరాలు ఇద్దరికీ ఒకటిగా ఉన్నాయో, ఎక్కడ ఒకరు చూసి మరొకరు వదిలేశారో వారే గుర్తిస్తారు. సైన్సు ఉపాధ్యాయులను కూడా వెంట తీసుకువెళ్లండి, ఆ రెండో పేజీకి వారి అవసరం ఉంటుంది.