రెండేళ్ల బాబు, ఎనిమిదో నెల గర్భం: పాలు, నిద్ర, ఎత్తుకోవడం... ఏది ముందు మార్చాలి?

అడిగినవారు: గోదారిగట్టు

నాకు ఇప్పుడు 30 వారాలు. బాబుకి ఈ నెలలోనే రెండేళ్లు నిండాయి, బరువు 12 కిలోలు. మొదటి కాన్పు సిజేరియన్. ఈసారీ అదే ఉండొచ్చని డాక్టరుగారు చెప్పారు. బాబు ఇంకా రొమ్ము పాలు మానలేదు. రాత్రి పడుకునేముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి తాగుతాడు. నాకు బ్లీడింగ్, నొప్పులు ఏమీ లేవు కాబట్టి ఇవ్వొచ్చన్నారు. పడుకునేది నా పక్కనే, నా చెవి పట్టుకుంటే గానీ నిద్రపోడు. మెట్లు కనబడితే చేతులు చాపి "ఎత్తుకో" అంటాడు. డైపర్ ఇంకా ఉంది.

ఉండేది హైదరాబాద్‌లో, ఆయనవి షిఫ్టు డ్యూటీలు. అమ్మ 36వ వారానికి వస్తుంది. అత్తయ్యగారేమో "కాన్పు ముందు బాబుని ఊరు తీసుకెళ్లి రెండు నెలలు ఉంచుకుంటా, నీకు సుఖంగా ఉంటుంది" అంటున్నారు. ఒకరు వేపాకు రాసి పాలు మాన్పించమంటారు, ఒకరు ప్లే స్కూల్లో వేసేయమంటారు, ఇంకొకరు డైపర్ మాన్పించమంటారు. ఉన్న ఈ కొద్ది వారాల్లో ఇవన్నీ అయ్యేవి కావు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు ముట్టుకోకూడదు?

---

జవాబు: మల్లెపందిరి

ముందు లెక్క సరిచూసుకోండి. రెండోసారి సిజేరియన్ అయితే సాధారణంగా 39వ వారానికి తేదీ ఇస్తారు. అంటే మీ చేతిలో ఉన్నవి పది వారాలు కావు, తొమ్మిదే. అందులో చివరి మూడు వారాలు కొత్తవేవీ మొదలుపెట్టకూడదు. తమ్ముడో చెల్లో వచ్చిన రోజుల్లోనే అమ్మ పక్క పోయి, పాలు పోయి, కొత్త బడి వచ్చిందంటే, పసివాడికి తెలిసేది ఒక్కటే: అది వచ్చాక నావన్నీ పోయాయి. కాబట్టి ఏ మార్పైనా ఇప్పుడే జరగాలి, లేదా కాన్పయ్యాక మూడు నెలలకి జరగాలి.

నా వరుస ఇది: ముందు నిద్ర, తర్వాత పాలు. ఎత్తుకోవడం సంగతి ఈరోజే మొదలు. డైపర్ జోలికి పోవద్దు. ఇప్పుడు మాన్పించినా కాన్పయ్యాక మళ్లీ బట్టల్లో పోయడం మామూలే, అప్పుడు పసిబిడ్డ గుడ్డలకి తోడు ఇవి కూడా ఉతకాలి.

నిద్ర ఎందుకు ముందంటే, ఆసుపత్రిలో మీరు ఉండే మూడు నుంచి ఐదు రాత్రులు వాడు మీరు లేకుండా పడుకోవాలి. మొదటి వారం పడక మీద చోట్లు మార్చండి. బాబు గోడవైపు, పక్కన నాన్న, ఆ తర్వాత మీరు. మీ గొంతు వినిపిస్తుంది, చెవి మాత్రం అందదు. చెవికి బదులు మీరు వాడిన కాటన్ చున్నీలోంచి చేతిరుమాలంత ముక్క కత్తిరించి ఇవ్వండి. చున్నీ మొత్తం ఇవ్వకూడదు, నిద్రలో మెడకి చుట్టుకుంటుంది. రెండో వారం మీరు గదిలోనే కుర్చీలో కూర్చోండి. మూడో వారం వాడు నిద్రపోయాక వచ్చి పడుకోండి. ఆయనకి నైట్ షిఫ్ట్ పడిన వారం ముందుకు పోవద్దు, ఉన్నచోటే ఆగండి. మీ అమ్మగారు వచ్చాక ఇదే వరుస ఆవిడతో. నిద్రపుచ్చే పద్ధతి మాత్రం ఎవరు పడుకోబెట్టినా ఒక్కటే ఉండాలి: కాళ్లు కడగడం, పళ్లు తోమడం, ఒక బొమ్మల పుస్తకం, అదే జోలపాట, లైటు తీయడం.

ఇక పాలు. తెల్లవారుజామువి ముందు తీసేయండి, రాత్రివి ఆఖరుకి. వాడికి ఎక్కువ అలవాటు రాత్రి పాల మీదే ఉంటుంది. తెల్లవారి లేవగానే మీరు కాకుండా నాన్న వెళ్లి నీళ్లు, అరటిపండు ఇవ్వాలి. అది నాలుగైదు రోజులు నిలిచాక రాత్రి పాలని పడక మీద నుంచి హాల్లోకి మార్చండి, పళ్లు తోమడానికి ముందు. అప్పుడు పాలు వేరు, నిద్ర వేరు అవుతాయి. ఆ తర్వాత సమయం తగ్గించండి. "ఇరవై లెక్కపెడతా, అయిపోతే చాలు" అని పైకి లెక్కపెట్టి ఆపండి. కొన్ని రోజులకి పదిహేను, ఆపైన పది.

వేపాకు వద్దు. చేదు వల్ల హాని జరుగుతుందని కాదు. రేపు అదే రొమ్ము దగ్గర చిన్నబిడ్డ హాయిగా తాగుతుంటే వీడు చూస్తాడు. నాకు చేదు పెట్టి దానికి పాలిచ్చింది అనుకోడూ? పైగా ఒక్కసారిగా ఆపేస్తే రొమ్ములో పాలు గడ్డకట్టి, వాచి, జ్వరం వచ్చే అవకాశం ఉంది. గర్భంలో పాలు ఎలాగూ తగ్గుతాయి, ముర్రుపాలు మొదలయ్యాక రుచీ మారుతుంది. చాలామంది పిల్లలు ఈ నెలల్లో తమంతట తామే వదిలేస్తారు.

36వ వారానికి మానకపోతే అక్కడితో ప్రయత్నం ఆపేయండి. కాన్పయ్యాక కూడా ఇద్దరికీ ఇవ్వొచ్చు, కానీ మొదటి రోజుల్లో ప్రతిసారీ చిన్నబిడ్డ తాగాకే పెద్దవాడికి. ముర్రుపాలు ముందు చేరాల్సింది పసిబిడ్డకే. ఈలోగా పాలిస్తున్నప్పుడు పొట్ట గట్టిపడి వదలకపోయినా, నొప్పులు ఒక వరసలో వస్తున్నా, రక్తం కనిపించినా వెంటనే ఆపి డాక్టరుకి చెప్పండి.

రొమ్ము పాలు మానాడు కదా అని సీసా అలవాటు చేయకండి. గ్లాసుతో ఇవ్వండి, రోజుకి 400 నుంచి 500 మి.లీ. దాటొద్దు. ఆవు పాలు, గేదె పాలు అంతకు మించితే అన్నం తగ్గి, ఒంట్లో ఐరన్ తగ్గి రక్తహీనత వస్తుంది.

---

జవాబు: పాలపిట్ట

పై జవాబులో ఎత్తుకోవడం గురించి ఒక్క మాటతో వదిలేశారు. మీ విషయంలో అసలు సమస్య అదే. సిజేరియన్ తర్వాత దాదాపు ఆరు వారాలు పసిబిడ్డ కంటే బరువైనది ఎత్తొద్దంటారు, మీవాడు 12 కిలోలు. అప్పటికప్పుడు "ఎత్తుకోను" అంటే వాడికి అర్థం కాదు. ఇప్పుడే అలవాటు మార్చాలి.

"ఎత్తుకో" అన్న ప్రతిసారీ కాదనకండి, మీరే కిందికి రండి. సోఫా మీదో మంచం అంచునో కూర్చుని చేతులు చాపండి, ఎక్కే పని వాడిది. సోఫా పక్కన, మంచం పక్కన, వాష్‌బేసిన్ దగ్గర చెక్క పీటో, జారని ప్లాస్టిక్ స్టూలో వేయండి. వారంలో ఎక్కడం వచ్చేస్తుంది. మెట్ల దగ్గర వాడి ఒక చెయ్యి రెయిలింగ్ మీద, ఇంకో చెయ్యి మీ చేతిలో. మెట్టు మెట్టుకీ అంకె లెక్కపెట్టిస్తే నడుస్తాడు. దిగేటప్పుడు మీరు ఒక మెట్టు కింద ఉండాలి.

తప్పనిసరై ఎత్తాల్సి వస్తే నడుము వంచి కాదు, మోకాళ్లు వంచి కూర్చుని, వాణ్ణి ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఊపిరి వదులుతూ లేవండి. ఒక పక్క నడుం మీద కూర్చోబెట్టుకుని పని చేసుకునే అలవాటు ఈ నెలల్లో పూర్తిగా మానేయండి. కటి దగ్గరి కీళ్లు వదులవుతాయి కాబట్టి ఆ పక్క నొప్పి పట్టుకుంటే కాన్పుదాకా వదలదు.

పడక విషయంలో చాలా ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతుంది. పిల్లవాడు పడిపోతాడని అందరికీ కింద పరుపులు వేస్తారు. కోతపడ్డ పొట్టతో నేల మీద నుంచి లేవడం నరకం. మీకు మంచమే ఉండాలి. బాబుకి మంచం పక్కనే కింద పరుపు వేయండి. చెయ్యి చాపితే అందుతాడు, దొర్లినా దెబ్బ తగలదు. ఆపరేషన్ తర్వాత వాడు ఒళ్లోకి వస్తానంటే పొట్ట మీద దిండు అడ్డం పెట్టుకుని, పక్క నుంచి ఎక్కించుకోండి, ఎదురుగా కాదు.

ఇప్పుడు భద్రత. మీరు వేసుకునే ఐరన్ మాత్రలు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఒక్కో మాత్రలో 60 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. పంచదార పూత ఉన్నవైతే పిల్లలకి చాక్లెట్టులాగే ఉంటాయి. కొన్ని మింగినా ప్రాణాపాయం. ఫ్రిజ్ మీద, దిండు కింద, హ్యాండ్‌బ్యాగులో కాదు, తాళం పడే బీరువాలో పెట్టండి. ఆసుపత్రి బ్యాగులోకీ ఇదే నియమం. మింగాడని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా మాత్రల షీటు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొకటి ఎంగిలి. పిల్లాడు వదిలిన అన్నం పారేయలేక అమ్మలే తింటారు. గర్భంలో అది మానండి. చిన్నపిల్లల ఉమ్మిలో, మూత్రంలో సైటోమెగాలో అనే వైరస్ ఉండొచ్చు. వాళ్లకి పెద్దగా ఏమీ చేయదు గానీ కడుపులో బిడ్డకి వినికిడి లోపం తెచ్చే ప్రమాదం ఉంది. మన దగ్గర చాలామందికి చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటుంది, అయినా మళ్లీ సోకవచ్చు. చెంచా వేరు, గ్లాసు వేరు. డైపర్ మార్చాక సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు. ముద్దు నుదుటి మీద పెట్టుకోండి.

---

జవాబు: వరంగల్ పెద్దమ్మ

అత్తగారి మాట కాదనడం కష్టమే, కానీ రెండు నెలలు పంపకు తల్లీ. రెండేండ్ల పిల్లగానికి నెల అంటే ఏందో తెల్వదు. తిరిగొచ్చేసరికి తన జాగలో ఇంకొకరు ఉంటరు. కొందరు పిల్లలు తిరిగొచ్చినంక తల్లి దగ్గరికే పోరు, మరికొందరు ఒక్క నిమిషం విడువరు. ఆమె ప్రేమను వేరే తీరుగ వాడుకో. "అత్తమ్మా, నువ్వే ఇక్కడికి రా, బాబు నీ చేతుల మీదనే ఉండాలె" అను. మీ అమ్మ నిన్నూ పసిగుడ్డునూ చూస్తది, ఆమె పెద్దోన్ని చూస్తది. పనులు ముందే పంచుకుంటే ఇద్దరికీ పేచీ ఉండదు.

తేదీ 39 అని నిమ్మళంగ ఉండకు. ఒకసారి కోత పడ్డ గర్భానికి అంతకుముందే నొప్పులొస్తే ఇంట్ల ఆగొద్దు, వెంటనే పోవాలె. అర్ధరాత్రి అయితే బాబు దగ్గర ఎవరుంటరు? 36 వారాలు నిండకముందే పక్కింటోళ్లతోని మాట్లాడి పెట్టు, తాళం చెవి ఇయ్యి. బాబుకు వేరే సంచి: నాలుగు జతల బట్టలు, డైపర్లు, చున్నీ ముక్క, జ్వరం మందు, ఎంత మోతాదో రాసిన కాయితం.

దవాఖానకు పిల్లల్ని రానిస్తరో లేదో ముందుగాల అడుగు. తీసుకొచ్చేది పొద్దుగాల, లేకుంటే పగటినిద్ర అయినంక. నిద్ర ముంచుకొచ్చే టైముకు తెస్తే ఏడుపే. వాడు గదిలకొచ్చేటప్పుడు పసిబిడ్డ నీ చేతుల ఉండొద్దు, తొట్టెల ఉండాలె. నీ చేతులు వానికోసం ఖాళీగ ఉండాలె. చేతికి సెలైన్ సూది ఉంటే కొంగు కప్పుకో. బిడ్డను చూడు చూడు అని ఎవరూ తొందర పెట్టొద్దు, వాడే అడుగుతడు.

ఇంటికొచ్చినంక ఎక్కువ జాగ్రత్త స్నానాల కాడ. బక్కెట్ల హీటర్ రాడ్, సాంబ్రాణి పొగకు నిప్పుల కుంపటి, పక్కన మసిలే నీళ్లు. అందరి కండ్లు పసిబిడ్డ మీద ఉన్నప్పుడే పెద్దోడు ఆడ చెయ్యి పెడుతడు. స్నానం అయ్యేదాక వాన్ని ఇంకొకరు బయటికి తీసుకపోవాలె. చీర ఉయ్యాల కడితే వాడు ఊపుతడు, గోడకు తగులుతది, లేకుంటే తనే ఎక్కుతడు. తలుపు మూసే గదిలనే కట్టు. కంటికి కనబడకుండ ఇద్దర్ని ఒక్క నిమిషం కూడ వదలొద్దు. కొట్టాలని కాదు, ముద్దు చేస్తననే మీద పడుతరు.

21వ దినం బారసాలకు వానికి కూడ కొత్త బట్టలు కుట్టించు. వచ్చే చుట్టాలకు ముందే చెప్పు, గడపల అడుగు పెట్టంగనే ముందు పెద్దోన్ని పలకరియ్యాలె అని. "ఇగ నిన్నెవరు చూస్తరు, అమ్మ తమ్మునిదే" అని నవ్వులాటకు అనేటోళ్లుంటరు. అది మొహం మీదనే ఆపెయ్యి.

---

జవాబు: తులసికోట

టీకాల గురించి చిన్న మాట. గత గర్భంలో రెండు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) డోసులు వేయించుకుని మూడేళ్లు దాటకపోతే ఈసారి ఒక బూస్టర్ సరిపోతుంది, కార్డులో పడిందో లేదో చూసుకోండి. కోరింత దగ్గు నుంచి పసిబిడ్డకి రక్షణగా 27 నుంచి 36 వారాల మధ్య టీడ్యాప్ వేస్తారు. మీరు సరిగ్గా ఆ వారాల్లో ఉన్నారు, డాక్టరుని అడగండి. బాబుకి 16 నుంచి 24 నెలల మధ్య పడాల్సిన డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్, ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) రెండో డోసు మిగిలి ఉంటే ఈ వారమే వేయించండి. ఇంట్లోకి దగ్గు తెచ్చేది ఎక్కువగా పెద్దపిల్లలే. అందుకే ప్లే స్కూల్ ఇప్పుడు వద్దంటాను. 34వ వారానికి వేసినా ముక్కు కారుతూ ఇంటికొస్తాడు, సరిగ్గా అప్పుడే పసిబిడ్డ వస్తుంది.

---

గోదారిగట్టు: అందరికీ ధన్యవాదాలు. అత్తయ్యగారిని ఇక్కడికే రమ్మని ఈ రాత్రే ఫోన్ చేస్తాను. రెండు చిన్న ప్రశ్నలు. నిద్రలో బాబు కాలు పొట్టకి తగులుతోంది, ప్రమాదమా? బిడ్డ సంగతి వాడికి ఎప్పుడు, ఎలా చెప్పాలి?

---

జవాబు: మల్లెపందిరి

నిద్రలో తగిలే కాలికి భయం లేదు, ఉమ్మనీరు బిడ్డని కాపాడుతుంది. వాడు సోఫా మీంచి పొట్ట మీదకి దూకినా, మీరు పడిపోయినా విషయం వేరు. తర్వాత నొప్పి, రక్తం, నీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. ఏమీ కనిపించకపోయినా దెబ్బ గట్టిగా తగిలితే చూపించుకోండి.

చెప్పడం 34వ వారం దాకా ఆగొచ్చు. "వచ్చే నెల" అంటే వాడికి తెలియదు, "అమ్మమ్మ వచ్చాక" అంటే తెలుస్తుంది. "నీతో ఆడుకోవడానికి తమ్ముడొస్తాడు" అనకండి, పుట్టినబిడ్డ ఆడదు, తమ్ముడే వస్తాడని కూడా తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: చిన్నగా ఉంటుంది, ఎక్కువ పడుకుంటుంది, ఏడుస్తుంది, పాలు తాగుతుంది. వాడి పసినాటి ఫొటోలు చూపిస్తూ నువ్వూ ఇలాగే ఉన్నావు అనండి. ఒక అట్టపెట్టెలో నాలుగైదు వస్తువులు ఇప్పుడే దాచిపెట్టండి, మూతల డబ్బాలు, స్టిక్కర్లు, ఒక కొత్త పుస్తకం. చిన్నబిడ్డకి పాలిచ్చేటప్పుడు మాత్రమే తీసి, అయిపోగానే మళ్లీ పైన పెట్టేయండి. రోజంతా ఇస్తే రెండో రోజుకే పాతబడుతుంది.