షిప్ ఎక్విప్‌మెంట్ గ్రాంట్ మొదటిసారి రాస్తున్నా, అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

ఉప్పుగాలి:
నమస్తే అందరికీ. అమెరికాలో ఒక యూనివర్సిటీ రీసెర్చ్ షిప్ మీద మెరైన్ టెక్నీషియన్‌ని. ఇన్నాళ్ళూ ప్రపోజల్స్ రాసిన సీనియర్ రిటైర్ అయిపోయాడు, ఇప్పుడు ఎన్‌ఎస్‌ఎఫ్‌కి (సైన్స్ పనులకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) రాసే పని నా నెత్తిన పడింది. సీటీడీని (నీటి ఉప్పదనం, వేడి, లోతు కొలిచే పరికరం) కేబుల్‌తో దించే వించ్ కంట్రోల్స్ మార్చాలి, కేబుల్ పాతబడింది, ఆక్సిజన్ సెన్సర్లు రెండు కావాలి, ఏడీసీపీ (శబ్దంతో నీటి ప్రవాహాలు కొలిచేది) కూడా పోయేలా ఉంది. అన్నీ ఒకే ప్రపోజల్‌లో కుక్కేయొచ్చా?

వించ్‌మామ:
కుక్కకు తమ్ముడూ, ఎక్కడిదక్కడ అడగాలి. వించ్, క్రేన్, ఏ-ఫ్రేమ్ లాంటి ఓడతో పాటు ఉండిపోయే సరుకంతా షిప్‌బోర్డ్ సైంటిఫిక్ సపోర్ట్ ఎక్విప్‌మెంట్ అనే గ్రాంట్ కింద. సెన్సర్లు, ఏడీసీపీ లాంటి అందరూ వాడుకునే సైన్స్ పరికరాలు ఓషనోగ్రాఫిక్ ఇన్‌స్ట్రుమెంటేషన్ కింద. నీ జీతం, ఏటా చేయించే కాలిబ్రేషన్లు టెక్నికల్ సర్వీసెస్ కింద. కేబుల్ సంగతి మాత్రం ముందు వైర్ పూల్ వాళ్ళతో మాట్లాడు, వుడ్స్ హోల్‌లో ఉంటారు, మన రీసెర్చ్ ఓడల ఫ్లీట్ మొత్తానికి వైరు చూసేది వాళ్ళే. నేను తెలీక మొదటిసారి దాన్ని కూడా బడ్జెట్‌లో రాసి నవ్వులపాలయ్యా.

లెక్కలక్క:
గ్రాంట్స్ ఆఫీసులో పనిచేస్తా కాబట్టి నా గోల నాది. 2024 అక్టోబరు నుంచి ఫెడరల్ రూల్స్‌లో ఎక్విప్‌మెంట్ అనిపించుకోడానికి హద్దు 5,000 డాలర్ల నుంచి 10,000కి పెరిగింది. మంచిదేగా అనుకుంటారు అందరూ, కానీ ఎక్విప్‌మెంట్ మీద ఇండైరెక్ట్ కాస్ట్ (యూనివర్సిటీ తన నిర్వహణ ఖర్చుకి కలుపుకునే ఓవర్‌హెడ్) పడదు, సప్లైస్ మీద పడుతుంది, అంటే నిన్నటిదాకా ఓవర్‌హెడ్ లేకుండా కొన్న 7,000 డాలర్ల సెన్సర్ ఇప్పుడు సప్లైస్‌లోకి జారిపోయి దానిమీద మీ యూనివర్సిటీ రేటు మొత్తం పడొచ్చన్నమాట. ప్రభుత్వంతో మీవాళ్ళ ఓవర్‌హెడ్ రేట్ అగ్రిమెంట్ ఇంకా పాత హద్దుతోనే ఉందేమో అడగండి, అన్నిచోట్లా ఒకేసారి మారలేదు. ఇంకోటి, మేమూ ఇంత వేస్తాం అని కాస్ట్ షేర్ రాయకండి, సొలిసిటేషన్ (గ్రాంట్ ప్రకటన) అడిగితే తప్ప ఎన్‌ఎస్‌ఎఫ్ ఒప్పుకోదు.

పాతకప్పీ:
ఏడీసీపీ అనగానే నా పాత గాయం కెలికినట్టయింది. మేం ఒకసారి కొత్తది శాంక్షన్ చేయించుకున్నాం, పెట్టె వచ్చింది, అందరం ఫోటోలు కూడా దిగాం. తీరా అది ఓడ అడుగున బిగించేది కదా, ఓడ డ్రైడాక్ (నీళ్ళు తీసేసి ఓడని బాగుచేసే చోటు) ఎక్కితే తప్ప కుదరదు, డ్రైడాకేమో ఇంకా రెండేళ్ళకి. ఆ రెండేళ్ళూ పెట్టె స్టోర్ రూమ్‌లో మూలన కూర్చుంది, దానిమీద లైఫ్ జాకెట్లు పెట్టేవాళ్ళు. చివరికి బిగించి ఆన్ చేస్తే నాలుగు బీముల్లో ఒకటి పనిచెయ్యలా, వారంటీ చూస్తే ఎప్పుడో అయిపోయింది. అదొక్కటేనా, వెల్డింగుకీ కేబుల్ లాగడానికీ ఎవరూ డబ్బు అడగలేదు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు పరికరానికి లక్షలు, బిగించడానికి సున్నా. తప్పు ఇచ్చినవాళ్ళది కాదు, రాసింది మేమే. డ్రైడాక్ తేదీ చూసుకోకుండా హల్ కింద బిగించేది ఏదీ అడక్కు.

ఉప్పుగాలి:
అమ్మో. సరే అది చూస్తా. రివ్యూయర్లు అసలు ఏం చూస్తారు? సైన్స్ ప్రపోజల్ లాగా పెద్ద కథ రాయాలా?

వించ్‌మామ:
కథ వద్దు. ఎన్ని సీ డేస్‌లో ఎన్ని కాస్టులు (సీటీడీని నీళ్ళలోకి దించడాలు) వేశారు, ఎన్ని గంటలు వించ్ ఆగిపోయింది, ఆ గంటల్లో సైంటిస్టులు ఏం చేస్తూ కూర్చున్నారు, అంతే. లాగ్ బుక్‌లోంచి తీసి పెట్టు. షిప్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఆ వించ్ గురించి ఒక్క లైను ఉన్నా అది బంగారం. వస్తువుల్ని ప్రయారిటీ వరసలో రాయి, కింద ఉన్నవాటికి కోత పడుతుంది, పడనీ.
టెన్షన్ మీటర్ (వైరు మీద పడే లాగుడు కొలిచేది) కూడా చూసుకో. యూఎన్‌ఓఎల్‌ఎస్ (యూనివర్సిటీ రీసెర్చ్ ఓడల కూటమి) సేఫ్టీ స్టాండర్డ్స్ ప్రకారం వైరు మీద సేఫ్టీ ఫ్యాక్టర్ (వైరు తెగే బరువు, మోసే బరువుకి ఎన్ని రెట్లో) 5 కంటే తగ్గాలంటే టెన్షన్ కొలుస్తూ రికార్డు చేస్తూ ఉండాల్సిందే. మీది డిస్‌ప్లే మాత్రమే చూపించే పాతదైతే జస్టిఫికేషన్ దానంతటదే వచ్చేస్తుంది.

నీటిబొట్టు:
ఆక్సిజన్ సెన్సర్లు రెండే అడుగుతున్నారా? మీ సీటీడీ మీద ఒకేసారి రెండు ఉంటాయనుకుంటా, మరి కాలిబ్రేషన్‌కి ఫ్యాక్టరీకి పంపినప్పుడు ఏం బిగిస్తారు? ఆ టైములో క్రూయిజ్ పడితే పని అయినట్టే. నేను సైన్స్ వైపు మనిషిని, ఒక క్రూయిజ్‌లో సీటీడీ కిందకి దిగేటప్పుడు ఒక ఆక్సిజన్ ప్రొఫైల్ (లోతు వారీ కొలతలు), పైకొచ్చేటప్పుడు ఇంకో ప్రొఫైల్ వచ్చాయి, రాత్రంతా వింక్లర్ టైట్రేషన్లు (రసాయనాలతో నీటిలో ఆక్సిజన్ కొలిచే పద్ధతి) చేసి బాటిల్ శాంపిల్స్‌తో సరిచేసుకున్నాం, తలప్రాణం తోకకొచ్చింది. స్పేర్ అడగడానికి మొహమాటం దేనికండీ.
ఓడ టైమే కావాలంటే ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు డబ్బు తీసుకోకుండా ఇస్తారు, డేటా అందరికీ తెరిచి పెట్టాలి. కానీ మీ ఓడకి సామాను కొనిపెట్టే బాపతు కాదు అది.

ఉప్పుగాలి:
పోర్ట్ ఇంజనీర్‌ని అడిగొచ్చా. డ్రైడాక్ వచ్చే జనవరిలో, అవార్డు ఆలోపు రావడం కల్ల. ఏడీసీపీ ఈసారికి తీసేస్తున్నా. వించ్ కంట్రోల్స్, టెన్షన్ మీటర్ ఒక ప్రపోజల్, సెన్సర్లు మూడు ఇంకో ప్రపోజల్. వైర్ పూల్‌కి మెయిల్ కొట్టా.

పాతకప్పీ:
తియ్యి గానీ జనవరిని వదలకు. పాత ఏడీసీపీ ట్రాన్స్‌డ్యూసర్ (శబ్దం పంపే భాగం) దించి శుభ్రం చేస్తారు కదా, అప్పుడు ఆ గుంట లోతు, బోల్టుల మధ్య దూరం కొలిచి ఫోటోలు తీసి పెట్టుకో. యార్డు వాళ్ళ చేత బిగింపు ఖర్చుకి కొటేషన్ కూడా అప్పుడే రాయించు. మా దగ్గర డ్రాయింగ్‌లో ఉన్న కొలతలు ఒకటి, ఓడ కింద ఉన్నవి ఇంకొకటి.

ఉప్పుగాలి:
టేపు పట్టుకుని నేనే దూరతా ఓడ కిందకి.