బడిలో సిగ్నల్ లేదు, ఫోన్‌లో పాఠాలు చూపించేదెలా?

నమస్కారమండీ. అల్లూరి జిల్లాలో కొండమీది ఊళ్లో ఐదో తరగతికి లెక్కలు చెబుతాను. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష యాప్‌లో వీడియో వస్తుంది, బాగుంటుంది కూడా. కానీ బడిలో సిగ్నల్ ఉండదు. చింతచెట్టు కింద ఫోన్ పైకెత్తి పట్టుకుంటే ఒక్క గీత! అందుకే సంతకు వెళ్లినప్పుడు డౌన్‌లోడ్ చేసుకొస్తున్నా. నాది 32 జీబీ ఫోన్, సగం మా పాప ఫొటోలే. పైగా ఆ చిన్న తెర చుట్టూ 23 మంది. వెనకవాళ్లకి ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. మొన్న భిన్నాల పాఠంలో రొట్టెను నాలుగు ముక్కలు చేసేది చూపించడానికి మూడు జట్లుగా పిలవాల్సి వచ్చింది.

వీడియోలు నేరుగా మెమరీ కార్డులోకి దిగేలా సెట్టింగ్ ఏదైనా ఉందా? కరెంటు పోయినా పనిచేసే చిన్న ప్రొజెక్టర్ ఐదారు వేలలో దొరుకుతుందా? పగటి వెలుతురులో కనబడుతుందా? వాడినవాళ్లు కాస్త చెప్పండి.