టీకాస్ ఎక్కమంటే, కంట్రోలర్ దిగమంటే పైలట్ ఎవరి మాట వినాలి?

రేణిగుంట_కుర్రోడు:
మా ఇల్లు రేణిగుంట విమానాశ్రయానికి దగ్గరే. నిన్న మిద్దె మీద నాన్నకూ నాకూ గట్టి వాదన. రెండు విమానాలు దగ్గరికి వచ్చేస్తుంటే, లోపలున్న టీకాస్ యంత్రం (విమానాలు ఢీకొనకుండా హెచ్చరించేది) ఎక్కమని, నేల మీది కంట్రోలర్ దిగమని చెబితే ఎవరి మాట వినాలి? కంట్రోలర్ మాటే అంటారు నాన్న.

చిత్తూరు_మాస్టారు:
నాదీ ఆ మాటే బాబూ. కంట్రోలర్‌కు చుట్టుపక్కల ఆకాశమంతా కనిపిస్తుంది. టీకాస్‌కు ట్రాన్స్‌పాండర్ (రేడియో పలకరింపుకు జవాబిచ్చే పరికరం) పనిచేస్తున్న విమానమే కనిపిస్తుంది. 2006లో బ్రెజిల్‌లో ఒక చిన్న జెట్ ట్రాన్స్‌పాండర్ పనిచేయక, గోల్ సంస్థ బోయింగ్‌ను ఢీకొంది. బోయింగ్‌లోని 154 మందీ పోయారు. రెండింటిలోనూ టీకాస్ ఉంది, ఏదీ హెచ్చరించలేదు.

అలిపిరి_అభి:
మాస్టారూ, అక్కడ యంత్రం తప్పు చెప్పలేదు, అసలేమీ చెప్పలేదు. కుర్రోడు అడిగింది అది చెప్పినప్పటి సంగతి.

టీకాస్ పక్క విమానం ట్రాన్స్‌పాండర్‌ను పలకరిస్తూ ఉంటుంది. జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చూసి దూరం లెక్కగడుతుంది, ఎత్తు ఆ జవాబులోనే ఉంటుంది. ముందు ‘ట్రాఫిక్’ అని హెచ్చరిస్తుంది. ముప్పు ఇంకా దగ్గరైతే, సుమారు 15 నుంచి 35 సెకన్లు ఉందనగా, ఎక్కమనో దిగమనో చెబుతుంది. అసలు విషయం ఇక్కడుంది: ఆ లోపే రెండు యంత్రాలూ మాట్లాడుకుని, ఒకటి పైకి, ఒకటి కిందికి అని పంచుకుంటాయి. మన కొండకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు కదా, అలాగన్నమాట. ఆ పంపకం పైలట్ చెప్పేదాకా కంట్రోలర్‌కు తెలియదు.

2002 జులై 1 రాత్రి జర్మనీలో ఊబర్లింగెన్ దగ్గర జరిగింది అదే. టుపొలేవ్ అనే రష్యా విమానాన్ని టీకాస్ ఎక్కమంది, కంట్రోలర్ దిగమన్నాడు. పైలట్లు దిగారు. ఎదుటి బోయింగ్ తన టీకాస్ చెప్పినట్టే దిగుతోంది. 71 మంది పోయారు, ఎక్కువ మంది పిల్లలే. ఆ కంట్రోలర్‌ను నేను తప్పుపట్టను, ఒక్కడే రెండు చోట్ల స్క్రీన్లు చూసుకుంటున్నాడు. ఆ తర్వాతే, కంట్రోలర్ మాటకు విరుద్ధమైనా టీకాస్ ఆదేశమే పాటించాలని అంతర్జాతీయ నిబంధనల్లో స్పష్టంగా రాశారు.

చిత్తూరు_మాస్టారు:
రెండూ మాట్లాడుకుంటాయని నాకు తెలియదు నాయనా. ఆ పరిస్థితిలో నువ్వన్నదే సరి. కానీ 1996లో హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర కంట్రోలర్ సరిగ్గానే చెప్పాడే! 15,000 అడుగుల దగ్గర ఆగాల్సిన కజకిస్తాన్ విమానం ఇంకా కిందికి దిగి సౌదీ విమానాన్ని ఢీకొంది. 349 మంది పోయారు!

అలిపిరి_అభి:
అవును మాస్టారూ. సరైన మాట చెప్పినా అవతల అమలు కాలేదు, దాన్ని పట్టుకునే రెండో కాపలా అక్కడ లేదు. మన దేశం టీకాస్‌ను తప్పనిసరి చేసింది ఆ ప్రమాదం తర్వాతే.

రేణిగుంట_కుర్రోడు:
నాన్నకు చదివి వినిపించాను. అయితే ఆ పని ఆటోపైలట్‌కే ఇచ్చేయొచ్చు కదా అంటున్నారు!

అలిపిరి_అభి:
కొన్ని ఎయిర్‌బస్‌లలో ఇప్పటికే ఇచ్చారు, పైలట్ కావాలంటే ఆపుకోవచ్చు. నేను దానికి పూర్తిగా అనుకూలం. ఆదేశం వినబడ్డాక స్పందించడానికి పైలట్‌కు ఉండేది 5 సెకన్లే. టీకాస్ ఎక్కమంటోందని ఆ టుపొలేవ్‌లో కోపైలట్ గుర్తుచేశాడు కూడా, అయినా దిగారు.