చిన్నద్దం పీకేసి డోర్‌కి ఒకటే గ్లాస్ వేయించాలా? (1952 షెవర్లే పికప్, విశాఖ)

మర్రిపాలెం_షెవర్లే:
మా తాతగారి షెవర్లే పికప్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. జనరల్ మోటార్స్ వాళ్లు బొంబాయిలో బండ్లు బిగించిన రోజుల నాటిది (1954లో ఆ పని ఆపేశారు). ఇంజిన్‌తో పేచీ లేదు, గొడవంతా డోర్ అద్దాలతోనే. ముందు మూలన తిప్పుకునే త్రికోణపు చిన్నద్దం ఉంటుంది కదా, అంబాసిడర్‌కి ఉండేలాంటిది. ఎడమది బిగుసుకుపోయి కదలదు. కుడిది తెరిచి పెడితే నిలవదు, స్పీడు 50కి వచ్చేసరికి గాలికి దానంతటదే మూసుకుపోతుంది. బీచ్ రోడ్డెక్కితే ఒకటే ఈల. వాన పడితే నీళ్లు సరిగ్గా తొడ మీద కారతాయి.

అమెరికాలో ఈ చిన్నద్దం తీసేసి మొత్తం ఒకటే గ్లాస్ వేసే కిట్లు దొరుకుతున్నాయి. తెప్పిద్దామని నేను, వద్దని మా నాన్న. మీరేమంటారు?

భీమిలి_గాలి:
తీసేయ్ అన్నా, ఆలోచించకు. నా పాత జీపుకి చేయించాను, ప్రాణం హాయిగా ఉంది. ఆ మధ్యలో నిలువు కడ్డీ ఉంటుంది చూడు, అది సరిగ్గా సైడ్ మిర్రర్‌కి అడ్డం పడుతుంది. పైగా దొంగలకి అదే దారి. మా వీధిలో ఒకాయన పద్మిని కారుకి చిన్నద్దం సందులోంచి స్క్రూడ్రైవర్ దూర్చి, గడియ లేపి, చెయ్యి లోపల పెట్టి డోర్ తెరిచేశారు. పోయింది టేప్ రికార్డరే అనుకో.

ఒరిజినల్, ఒరిజినల్ అని ఎవరైనా మొదలెట్టేలోపు ఒక మాట. ఈ క్యాబిన్ 1947లో వచ్చినప్పుడు డోర్‌కి ఒకటే గ్లాస్. చిన్నద్దం 1951లో వచ్చి చేరింది. నువ్వు చేసేది కొత్త మార్పేం కాదు, వెనకటి పద్ధతికి వెళ్లడమే.

టింకర్_బాబాయ్:
బాబూ భీమిలీ, నీ జీపు లెక్క వేరు, ఈ బండి లెక్క వేరు. 1947 డోర్‌కి లోపలి పట్టాలు ఒకటే గ్లాస్ లెక్కలో కట్టారు. 1951 తర్వాత డోర్‌లో గ్లాస్ ఎక్కి దిగే దారి మార్చేశారు. బయటికి రెండూ ఒకలాగే కనపడతాయి.

నువ్వు మిర్రర్‌కి అడ్డం అంటున్న ఆ నిలువు కడ్డీయే పెద్ద గ్లాస్‌కి ముందు పట్టా. అందులో ఫెల్ట్ (మెత్తటి ఉన్ని పట్టీ) ఉంటుంది, గ్లాస్ అంచు దాంట్లోనే జారుతుంది. కడ్డీ డోర్ లోపల కింద దాకా దిగి అక్కడ బోల్టుతో బిగుస్తుంది. చిన్నద్దం పీకేశావంటే అదీ పోయినట్టే. అప్పుడు కొత్త పట్టా కావాలి, గ్లాస్ కింద పొడుగు చానెల్ (గ్లాస్ అడుగు అంచుని పట్టుకునే రేకు) కావాలి. గ్లాస్ ముందుకి పొడుగైంది కాబట్టి బరువూ ముందుకే జరుగుతుంది. గ్లాస్ మెషీన్ చెయ్యి మాత్రం పాతచోటే నెడుతుంది. హ్యాండిల్ తిప్పితే గ్లాస్ ముక్కు కిందకి వాలుతుంది, వెనక మూల పైకి లేస్తుంది, సగంలో ఇరుక్కుంటుంది. ఆపైన ఒక చేత్తో గ్లాస్ ఎత్తుతూ ఇంకో చేత్తో హ్యాండిల్ తిప్పాలి. ఇట్టాంటివి రెండు బళ్లు నా షెడ్డుకే వచ్చాయి, వాళ్లు కిట్ కూడా కొనలేదు, ఎక్కడో లోకల్‌గా వంచి పెట్టించారు.

మంచి కిట్ అయితే పట్టా, చానెల్ అన్నీ ఇస్తారు, కాదనను. కానీ డెబ్బై ఏళ్ల డోర్ సరిగ్గా కంపెనీ కొలతల్లో ఉంటుందా? టింకరింగ్ జరిగిన డోర్ అయితే పైఫ్రేమ్ ఒక అర అంగుళం అటో ఇటో పోయి ఉంటుంది. కొలిచి చూశావా?

మర్రిపాలెం_షెవర్లే:
కొలవలేదు బాబాయ్. ఎడమ డోర్‌కి మాత్రం ఒకసారి టింకరింగ్ అయింది.

ఆటోనగర్_అద్దాలు:
గ్లాస్ సంగతి నేను చెప్తాను, మిగతాది మీరు కొట్టుకోండి. ఈ బండి డోర్ గ్లాస్ వంపు లేని చదును అద్దం. అదొక్కటే మీ అదృష్టం. అట్టతో కాదు, పల్చటి ప్లైవుడ్‌తో నమూనా కోసుకుని డోర్‌లో పెట్టి, పైకీ కిందికీ పదిసార్లు ఆడించి చూడండి. ముందు స్తంభం వాలుగా ఉంటుంది కాబట్టి కింద ఒక కొలత, పైన ఒక కొలత వస్తుంది. తేడా కొట్టేది అక్కడే. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన అద్దం) వేయిస్తే ఒకసారి కొలిమికి వెళ్లొచ్చాక ఒక్క మిల్లీమీటరు కూడా కోయలేం, కోస్తే మొత్తం పొడి పొడి అవుతుంది. లామినేటెడ్ (రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉండేది) అయితే తర్వాతైనా సరిచేయొచ్చు. ఇంటి కిటికీకి వాడే మామూలు అద్దం మాత్రం ఎవరు చవక అన్నా వేయించకండి, పగిలితే కత్తులే. కలర్ గ్లాస్ మోజు ఉంటే, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలన్నది రూలు.

ఉక్కపోత:
ఏసీ పెట్టించే ఆలోచన ఉందా? ఉంటే ఒకటే గ్లాస్. లేకపోతే మే నెలలో ఏదైనా సిగ్నల్ దగ్గర ఈ ప్రశ్న మళ్లీ అడుగు.

భీమిలి_గాలి:
సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉంటే ఏ అద్దమైనా ఒకటే గురూ. గాలి బండి కదిలితేనే వచ్చేది.

ఉక్కపోత:
ట్రాఫిక్‌లో 20 స్పీడులో పాకుతున్నప్పుడు తేడా తెలుస్తుంది. చిన్నద్దాన్ని పూర్తిగా తిప్పితే ఎదురుగాలిని గుండె మీదకి మళ్లిస్తుంది. పెద్ద గ్లాస్ దించితే గాలి చెవి పక్కనుంచి వెళ్లిపోతుంది. చినుకులప్పుడు పెద్దది మూసి చిన్నది రెండు వేళ్ల సందు తెరిస్తే ముందద్దానికి ఆవిరి పట్టదు. అంబాసిడర్ తోలినవాళ్లని అడుగు.

పాత_ఆర్సీ:
ఎవరూ కాగితాల సంగతి ఎత్తలేదేం? 50 ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబర్‌లో ‘వీఏ’ వస్తుంది. దానికి బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చి ఉండకూడదు. బోల్టులతో బిగించే కిట్టు బాడీ షెల్ మార్పు కాదని నా లెక్క. డోర్ కోసి వెల్డింగ్ పెడితే మాత్రం వాదించడం కష్టం.

భీమిలి_గాలి:
ఆ వింటేజ్ నంబరు తీసుకుంటే రోజూ తోలడానికి లేదు కదా! ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోడ్డెక్కకూడదు. ఆదివారం పిల్లలతో భీమిలి పోయే బండికి అదెందుకు? ఎవరో జడ్జి మార్కులేస్తాడని తొడ తడుపుకుంటూ కూర్చోవాలా?

పాత_ఆర్సీ:
అది నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ రేపు అమ్మాల్సి వస్తే కొనేవాడు మొదట చూసేది ఇలాంటివే. పీకిన సామాను పారేయకుండా అటక మీద పెట్టమను, అంతే.

టింకర్_బాబాయ్:
మర్రిపాలెం, కిట్ ఆర్డర్ పెట్టేముందు ఒక ఆదివారం నాకివ్వు. డోర్ లోపలి అట్ట విప్పు. చిన్నద్దం కింది ఇరుసు డోర్ లోపలికి దిగి ఉంటుంది, దానికో స్ప్రింగు, నట్టు. అద్దం నిలవట్లేదంటే ఆ నట్టు వదులైందనే. ఎడమదానికి పెనిట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి ఇంకే పల్చటి నూనె) కొట్టి మూడ్రోజులు వదిలెయ్. బలం మాత్రం చేయకు, అద్దం మూల దగ్గర చిట్లిపోతుంది.

మర్రిపాలెం_షెవర్లే:
విప్పాను. కుడి డోర్ అడుగున రెండు దోసిళ్ల మట్టి, తుప్పు పెచ్చులు. నీళ్లు పోవాల్సిన చిల్లులు మూడూ పూడుకుపోయి ఉన్నాయి. మాకు భీమిలి వెళ్లేప్పుడు సముద్రం కుడిచేతి వైపే, ఉప్పుగాలంతా ఈ డోర్‌కే తగిలింది. నట్టు వేలితోనే తిరిగింది బాబాయ్. రెండు చుట్లు బిగించాను. నిన్న రుషికొండ దాకా 60లో వెళ్లొచ్చా, పెట్టినచోట నిలబడింది. ఈల తగ్గింది గానీ పోలేదు, బీడింగ్ (అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) ఎండి రాయిలా ఉంది. ఎడమది ఇంకా నూనెలోనే ఉంది.

నాన్న ఎందుకు వద్దన్నారో కూడా నిన్నే చెప్పారు. తాతగారు చుట్ట నుసి దులిపేది ఆ సందులోంచేనట. గడియ మీద పాలిష్ ఒకవైపే పోయి ఉంది, నేనిన్నాళ్లూ తుప్పనుకున్నా.

ముందు బీడింగ్ తెప్పిస్తున్నా. కిట్ ప్రస్తుతానికి ఆపాను.

భీమిలి_గాలి:
సరే అన్నా. మిర్రర్‌కి కడ్డీ అడ్డం మాత్రం అలాగే ఉందిగా?

మర్రిపాలెం_షెవర్లే:
ఉంది.

టింకర్_బాబాయ్:
మిర్రర్ ఒక జానెడు ముందుకి జరిపించు బాబూ, రెండు చిల్లుల పని.

పాత_ఆర్సీ:
చిల్లులా! బాడీకా?