కేలరీ ఎక్కడిదైనా కేలరీయేనా?

లెక్కలమాస్టారు:
ఐదు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. చేసిందల్లా ఒకటే. ఫోన్‌లో యాప్ పెట్టుకుని రోజుకు 1,700 కేలరీలు దాటకుండా చూసుకున్నాను. అందులో ఐస్‌క్రీమ్ ఉంది, చిప్స్ ఉన్నాయి. అయినా తగ్గాను. ఈ గ్రూపులో చూస్తే ప్రతి రెండో పోస్టులో "మంచి కేలరీలు, చెడ్డ కేలరీలు" అంటూ పాఠాలు. కేలరీకి మంచీ చెడూ ఏమిటండీ? ఒంటికి ఖర్చయ్యేదానికన్నా తక్కువ తింటే తగ్గుతాం, ఎక్కువ తింటే పెరుగుతాం. 2010లో అమెరికాలో మార్క్ హాబ్ అనే పోషకాహార ప్రొఫెసర్ పది వారాలు ఎక్కువగా క్రీము కేకులు, చిప్స్, బిస్కెట్ల మీదే బతికి, రోజుకు 1,800 కేలరీల లోపు ఉండి, సుమారు 12 కిలోలు తగ్గి చూపించాడు. ఇంతకంటే ఏం రుజువు కావాలి? కాదనేవాళ్లు రండి.

అరచెంచా:
వచ్చాను మాస్టారూ. ఆ ప్రొఫెసర్ కథ సగమే చెప్పారు. ఆయన రోజూ ప్రొటీన్ షేక్ తాగాడు, మల్టీవిటమిన్ మాత్ర వేసుకున్నాడు, కాస్త కూరగాయలూ తిన్నాడు. అదీగాక కొలుచుకుని తినాలని గట్టిగా అనుకున్న మనిషి. మనలో ఎంతమందిమి కేకు ముందు కూర్చుని లెక్క ప్రకారం లేస్తాం?

నన్నడిగితే చూడాల్సింది 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం. 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచారు. రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి. ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లోనూ సమానమే. ఎంత కావాలంటే అంత తినండి, మిగిలింది వదిలేయండి అన్నారు. ప్రాసెస్ చేసిన తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు సగటున రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఆ రెండు వారాల్లో కిలోకి కాస్త తక్కువ పెరిగారు, మిగతా రెండు వారాల్లో దాదాపు అంతే తగ్గారు. ఎవరూ బలవంతం చేయలేదు.

లెక్కలమాస్టారు:
చూశారా, తిరిగి తిరిగి నా మాట దగ్గరికే వచ్చారు! 500 ఎక్కువ తిన్నారు కాబట్టి పెరిగారు. కేలరీలే కదా. ఇంకోటి వినండి. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు కొవ్వు తక్కువ, ఇంకో జట్టుకు పిండిపదార్థాలు తక్కువ. ఏడాది తర్వాత తగ్గింది 5.3 కిలోలు, 6 కిలోలు. అది తేడా కింద లెక్కే కాదన్నారు. తినే రకం అంత ముఖ్యమైతే ఇలా ఎందుకొచ్చింది?

అరచెంచా:
ఎందుకంటే రెండు జట్లకూ ముందే చెప్పారు: చక్కెర, మైదా తగ్గించండి, కూరగాయలు బాగా తినండి, ప్రాసెస్ చేసినవి మానేయండి అని. కేలరీలు లెక్కపెట్టమని మాత్రం ఎవరికీ చెప్పలేదు. లెక్కపెట్టకుండానే తిండి తగ్గింది. నేను మొత్తుకునేది అదే. కేలరీలు లెక్కకు రావని నేననలేదు. ఆ లెక్కను మీరు రోజంతా కాపలా కాయాలా, లేక కడుపే కాస్తుందా అన్నది తినే రకాన్ని బట్టి ఉంటుంది.

నా మీదే చేసి చూశాను. ఒక సాయంత్రం ప్యాకెట్ మీది లెక్క ప్రకారం 300 కేలరీల బిస్కెట్లు. వంటింట్లో నిలబడే, ఫోన్ చూస్తూ తినేశాను. ఐదు నిమిషాలు పట్టలేదు. ప్యాకెట్ అడుగున పొడి కూడా వేలితో అద్దుకున్నాను, ఇంకోటి విప్పనా అనిపించింది. మర్నాడు అదే టైముకి నాలుగు ఉడికించిన గుడ్లు. అవీ 300 దగ్గరే. మూడో గుడ్డు సగంలో ఉండగానే చాలనిపించింది. రాత్రి భోజనానికి పిలిస్తే "కాసేపాగి తింటా" అన్నాను. నా నోట ఆ మాట వినడం ఇంట్లో అదే మొదటిసారి.

ఇక అంకెలే కావాలంటే, ప్రొటీన్‌లో నూరు కేలరీలుంటే దాన్ని అరిగించుకోవడానికే 20 నుంచి 30 పోతాయి. కొవ్వుకైతే మహా అయితే మూడు. లేబుళ్లనీ పూర్తిగా నమ్మలేం. లేబుల్ లెక్కలో 170 దాకా చూపించే గుప్పెడు బాదంపప్పు నుంచి ఒంటికి అందేది 129 మాత్రమేనని 2012లో కొలిచి చెప్పారు. నమిలినా పగలని కణాల్లో కొంత కొవ్వు అలాగే బయటికి పోతుంది.

అవునూ, మీ యాప్‌లో వంటనూనె ఎంత రాస్తారు?

లెక్కలమాస్టారు:
రోజుకి ఒక చెంచా. ఎందుకు?

పొద్దున్నేపరుగు:
అందరూ వంటింట్లోనే కూర్చున్నారు. వ్యాయామం సంగతి ఎవరూ ఎత్తరేం?

అరచెంచా:
ఎత్తితే మీకే నష్టం తమ్ముడూ. మనలాంటి వాళ్లం గంట నడిస్తే ఖర్చయ్యేది 250 కేలరీల చిల్లర. నా బిస్కెట్ల ఐదు నిమిషాలు గుర్తుందిగా.

పొద్దున్నేపరుగు:
నడకతో కొవ్వు కరిగిపోతుందని నేనూ అనడం లేదు. కానీ తిండి తగ్గించి మాత్రమే బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది. వారానికి రెండు రోజులైనా బరువులు ఎత్తితే, ప్రొటీన్ సరిగ్గా తింటే ఆ కండ చాలావరకు నిలుస్తుంది. తూకంలో ఎంత తగ్గింది అని అడిగేవాళ్లే గాని ఏది తగ్గింది అని అడిగేవాళ్లు లేరు.

మళ్లీపెరిగా:
ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. ఒక డైట్ సెంటర్‌లో (పేరెందుకు) రోజుకు వెయ్యి కేలరీలు ఇచ్చారు. ఏం తిన్నా పరవాలేదు, అంకె దాటొద్దు అన్నారు. నేను కాఫీ, బిస్కెట్లు, బ్రెడ్డుతో ఆ వెయ్యి నింపేశాను. నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గాను. మూడో నెల నుంచి దువ్వెన నిండా జుట్టు. పచ్చడి సీసా మూత కూడా తిప్పలేకపోయేదాన్ని, పిల్లాణ్ని పిలిచేదాన్ని. మానేసిన ఏడాదిలో 13 పెరిగాను. మాస్టారు గారూ, మీ లెక్క తప్పని కాదు. నా లెక్క కూడా రోజూ సరిగ్గానే ఉండేది.

రాత్రిడ్యూటీ:
ఇంకో ముక్క. 2010లో పది మందికి రెండేసి వారాలు ఒకే రకంగా కేలరీలు తగ్గించి, ఒకసారి ఎనిమిదిన్నర గంటలు, ఇంకోసారి ఐదున్నర గంటలు పడుకునే వీలిచ్చారు. తూకంలో తగ్గింది ఇంచుమించు ఒకటే. నిద్ర తక్కువైనప్పుడు అందులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది. నైట్ షిఫ్టుల్లో డైట్ చేసేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు.

లెక్కలమాస్టారు:
అక్కా, జుట్టు సంగతి చదివాక నా యాప్‌లో ప్రొటీన్ గడి తెరిచి చూశాను. ఐదు నెలల్లో అదే మొదటిసారి. రోజుకు 40 గ్రాములు కూడా లేదు. నా బరువు 81 కిలోలు, దానికి ఇది బాగా తక్కువ. సరే, ఈ ఒక్కటి ఒప్పుకుంటున్నాను. కానీ లెక్కపెట్టడం మాత్రం మానను. 1992లో అమెరికాలో "ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదు" అనే పది మందిని పరీక్షిస్తే, తిన్నదాంట్లో దాదాపు సగం చెప్పనే లేదని తేలింది. కడుపు మాట నమ్మమంటే నాకు భయం.

అరచెంచా:
నూనె?

లెక్కలమాస్టారు:
వదలరు కదా. నిన్న రాత్రి మూకుడు తూకం మీద పెట్టి, రోజూ పోసేంత పోశాను. 27 గ్రాములు. ఒంటరిగా వండుకునేవాణ్ని, పంచుకునేవాళ్లు కూడా లేరు. అంటే 240 కేలరీలు. యాప్‌లో రాసింది 45.

అరచెంచా:
అంటే ఇన్నాళ్లూ మీరు తగ్గింది 1,700తో కాదు మాస్టారూ, 1,900తో. ఆ మిగిలిన 200కి రెండు గుడ్లు, కాస్త పప్పు వస్తాయి. నూనె తగ్గించి వాటికి చోటివ్వండి.